ఆకలి పగ్గాలు మెదడు చేతిలో!
స్థూలకాయానికి మందులు వచ్చినా తేలని లెక్కలు

న్యూఢిల్లీ: లావుగా ఉన్న మనిషిని చూడగానే 'తిండికి చేటు, నేలకు బరువు' అని ఈసడించడం మన సమాజానికి కొత్త కాదు. నోరు కట్టుకోలేని బలహీనతే స్థూలకాయానికి మూలమన్న అభిప్రాయం చదువుకున్న వారిలోనూ బలంగా పాతుకుపోయింది. అయితే గత ఏడు దశాబ్దాలుగా సాగిన పరిశోధనలు ఇందుకు భిన్నమైన వాస్తవాన్ని వెల్లడిస్తున్నాయి. మనిషి ఎంత తినాలి, ఎప్పుడు ఆపాలి, ఒంట్లో ఎంత కొవ్వు నిలవ ఉండాలి అన్న నిర్ణయాల్లో అధిక భాగం అతని ప్రమేయం లేకుండానే మెదడులోని రసాయనాలు చేస్తున్నాయన్నది ఆ పరిశోధనల సారాంశం. ఈ రసాయనాలపై పనిచేసే ఇంజెక్షన్లు 2025లో భారత విపణిలో ప్రవేశించడంతో, ఇంతకాలం ప్రయోగశాలలకు పరిమితమైన ఈ అంశం ఇప్పుడు న్యాయస్థానాలకు, పన్నుల విధానానికి, సామాన్యుని నెలసరి ఖర్చుకు సంబంధించిన వ్యవహారంగా మారింది.

సమస్య తీవ్రత చిన్నదేమీ కాదు. 2019-21లో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల వయస్కుల్లో అధిక బరువు లేదా స్థూలకాయం గలవారు దేశం మొత్తం మీద మహిళల్లో 24 శాతం, పురుషుల్లో 22.9 శాతం. దేశ రాజధాని ఢిల్లీలో ఇది మహిళల్లో 41.3 శాతం, పురుషుల్లో 38 శాతం. తెలుగు రాష్ట్రాలూ ఇందుకు మినహాయింపు కాదు. ఆంధ్రప్రదేశ్‌ మహిళల్లో 36.3 శాతం, పురుషుల్లో 31.1 శాతం, తెలంగాణ మహిళల్లో 30.1 శాతం, పురుషుల్లో 32.3 శాతం అధిక బరువుతో ఉన్నారు. 2024 జూలైలో పార్లమెంటుకు సమర్పించిన ఆర్థిక సర్వే ఈ అంకెలను ప్రత్యేకంగా ప్రస్తావించడం గమనార్హం. పనిచేసే వయసులోని జనాభా దేశానికి ఆస్తి కావాలంటే ముందు వారు ఆరోగ్యంగా ఉండాలన్నది ఆ ప్రస్తావన వెనుక ఉన్న ఆందోళన.

ఢిల్లీ శాస్త్రజ్ఞుని కృషి

ఆకలికి మెదడులో ఒక స్థానం ఉందని ప్రపంచానికి తెలియజెప్పిన వారిలో ఢిల్లీకి చెందిన శాస్త్రజ్ఞుడు ఒకరన్న సంగతి చాలా మందికి తెలియదు. ఆయన పేరు డాక్టర్‌ బాలకృష్ణ ఆనంద్‌. లాహోర్‌లో వైద్యవిద్య అభ్యసించిన ఆయన అమెరికాలోని యేల్‌ విశ్వవిద్యాలయంలో జాన్‌ బ్రోబెక్‌తో కలిసి ఎలుకలు, పిల్లులపై ప్రయోగాలు జరిపారు. మెదడు అడుగు భాగంలో హైపోథాలమస్‌ అనే చిన్న ప్రాంతం ఉంది. దాని పక్క భాగాలను రెండు వైపులా నిర్వీర్యం చేయగానే ఆ జంతువులు ఎదురుగా ఆహారం ఉన్నా ముట్టకుండా శుష్కించిపోయాయి. ఒక్క వైపు మాత్రమే దెబ్బతీస్తే వాటి ఆకలికి ఏ లోటూ రాలేదు. 1951లో వెలువడిన ఈ ఫలితాలతో 'క్షుధాకేంద్రం' అనే భావన శాస్త్రరంగంలో స్థిరపడింది. హైపోథాలమస్‌ మధ్యభాగానికి హాని జరిగితే ఎలుకలు విపరీతంగా బలిసిపోతాయని 1940లోనే హెదరింగ్టన్‌, రాన్సన్‌ అనే శాస్త్రజ్ఞులు నిరూపించి ఉన్నారు. తినమని ప్రేరేపించే చోటు ఒకటి, చాలని వారించే చోటు మరొకటి అన్న చిత్రం ఆ విధంగా రూపుదిద్దుకుంది.

1956లో ఢిల్లీలో అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ (ఎయిమ్స్‌) ఏర్పడిన తరువాత డాక్టర్‌ ఆనంద్‌ అక్కడి శరీరధర్మశాస్త్ర విభాగానికి సారథ్యం వహించారు. సహచరులు జి.ఎస్‌.ఛీనా, బల్దేవ్‌ సింగ్‌లతో కలిసి జంతువుల మెదడులోని ఈ కేంద్రాల విద్యుత్‌ స్పందనలను నమోదు చేశారు. రక్తంలో గ్లూకోజ్‌ పెరిగినప్పుడు తృప్తి కేంద్రం చురుకవుతున్నదని, తగ్గినప్పుడు మందగిస్తున్నదని, క్షుధాకేంద్రంలో ఇందుకు విరుద్ధమైన మార్పు వస్తున్నదని కనుగొన్నారు. ఈ పరిశోధన 1962లో 'సైన్స్‌' పత్రికలో ప్రచురితమైంది. రక్తంలోని ఆహారపు వార్తను మెదడు నేరుగా వింటున్నదనడానికి లభించిన తొలి ఆధారాలలో ఇది ఒకటి.

అయితే శాస్త్రం అక్కడితో ఆగలేదు. ఒక మీట నొక్కితే ఆకలి, మరొకటి నొక్కితే తృప్తి అన్నంత సులువుగా మెదడు పనిచేయదని తరువాతి దశాబ్దాల్లో తేలింది. పక్క భాగాన్ని నిర్వీర్యం చేసినప్పుడు దాని గుండా పోయే డోపమిన్‌ నాడీ తంతువులు కూడా తెగిపోతున్నాయని, జంతువులు తినడం మానడానికి అది కూడా కారణమని గుర్తించారు. కేంద్రాల స్థానంలో నాడీ వలయాలు, వాటి మధ్య తిరిగే రసాయన దూతలు పరిశోధనకు లక్ష్యమయ్యాయి.

కొవ్వు పంపే కబురు

ఈ అన్వేషణలో 1994 సంవత్సరం ఒక మలుపు. న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్‌ విశ్వవిద్యాలయానికి చెందిన జెఫ్రీ ఫ్రీడ్‌మన్‌ బృందం లెప్టిన్‌ అనే హార్మోనుకు సంబంధించిన జన్యువును ఆ ఏడాది గుర్తించింది. అటువంటి పదార్థం రక్తంలో ఉండి తీరాలని అమెరికాలోనే డగ్లస్‌ కోల్‌మన్‌ అంతకు రెండు దశాబ్దాల ముందే బొద్దు ఎలుకలపై ప్రయోగాలతో ఊహించారు. లెప్టిన్‌ను తయారుచేసేది మరేదో గ్రంథి కాదు, సాక్షాత్తు కొవ్వు కణాలే! ఒంట్లో కొవ్వు ఎంత ఉన్నదీ అవి ఈ హార్మోను ద్వారా మెదడుకు ఎప్పటికప్పుడు తెలియజేస్తుంటాయి. నిలవలు నిండుగా ఉంటే ఆకలి తగ్గుతుంది, తరిగిపోతే పెరుగుతుంది.

హైపోథాలమస్‌లోని ఒక చిన్న కణసముదాయంలో రెండు రకాల నాడీకణాలు పక్కపక్కనే ఉంటాయి. ఒక రకం న్యూరోపెప్టైడ్‌ వై వంటి రసాయనాలను విడుదల చేసి ఆకలిని రగిలిస్తుంది. రెండవ రకం మెలనోకార్టిన్‌ వర్గపు రసాయనంతో ఆకలిని అణచివేస్తుంది. లెప్టిన్‌ మొదటి రకాన్ని వారించి, రెండవ రకాన్ని ప్రోత్సహిస్తుంది. 1999లో జపాన్‌ శాస్త్రజ్ఞులు కనుగొన్న గ్రెలిన్‌ అనే హార్మోను ఇందుకు పూర్తిగా విరుద్ధం. ఖాళీ కడుపు నుంచి వెలువడి భోజన వేళను గుర్తుచేసేది అదే.

లెప్టిన్‌ కనుగొన్న తొలి రోజుల్లో స్థూలకాయానికి మందు దొరికినట్లేనని ఔషధ కంపెనీలు సంబరపడ్డాయి. పుట్టుకతోనే లెప్టిన్‌ లోపించిన కొద్దిమంది పిల్లలకు ఇంజెక్షన్లు ఇస్తే అద్భుత ఫలితాలు వచ్చిన మాట నిజమే. కానీ సాధారణ స్థూలకాయుల రక్తంలో లెప్టిన్‌ కొరత లేదు సరికదా, మోతాదుకు మించి ఉన్నట్లు తేలింది. కబురు అందుతున్నా మెదడు చెవిన పెట్టడం లేదన్నమాట.

ఈ చిక్కుముడిపై హైదరాబాద్‌లోనూ కృషి జరిగింది. జాతీయ పోషకాహార సంస్థ ప్రయోగశాలలో పెంచుతున్న ఎలుకల సంతతిలో సహజంగా తలెత్తిన జన్యుమార్పు వల్ల కొన్ని అసాధారణంగా బలిశాయి. వీటిని గురించి ఎన్‌.వి.గిరిధరన్‌ బృందం 1996లో ప్రకటించింది. ఈ ఎలుకలు అదే పనిగా తింటాయి. వాటి రక్తంలో లెప్టిన్‌, ఇన్సులిన్‌ రెండూ అధికం. లెప్టిన్‌ ఉండి కూడా ఆకలి అణగకపోవడాన్ని పరిశీలించడానికి ఇవి శాస్త్రజ్ఞులకు ఉపకరిస్తున్నాయి.

తగ్గినా మళ్లీ పెరగడమెందుకు?

ఉపవాసాలతో నానా తంటాలు పడి పది కిలోలు తగ్గిన వ్యక్తి ఏడాది తిరిగేసరికి యథాస్థితికి చేరుకోవడం అందరూ చూస్తున్నదే. దీనిని పట్టుదల లోపంగా భావించడం సరికాదని ఆస్ట్రేలియా పరిశోధకులు 2011లో వెల్లడించిన అధ్యయనం సూచిస్తున్నది. కఠినమైన ఆహార నియమంతో బరువు తగ్గిన వారి రక్తాన్ని ఏడాది తరువాత పరీక్షించగా, లెప్టిన్‌ తక్కువగానూ గ్రెలిన్‌ ఎక్కువగానూ ఉన్నట్లు తేలింది. వారు చెప్పిన ఆకలి కూడా మునుపటి కంటే అధికం. బరువు తగ్గడాన్ని మెదడు ఆరోగ్యంగా కాక కరువుగా పరిగణిస్తున్నదని దీని భావం. వేలాది సంవత్సరాలు తిండి కొరతతో గడిపిన మానవజాతికి ఆ జాగ్రత్త ప్రాణరక్షణ చేసింది. వీధి చివర పగలూ రాత్రీ తిండి దొరికే కాలంలో అదే జాగ్రత్త ఎదురు తిరిగింది.

నిద్ర పాత్ర కూడా తక్కువది కాదు. వరుసగా రెండు రాత్రులు నాలుగేసి గంటలు మాత్రమే పడుకోనిచ్చిన 12 మంది యువకుల్లో లెప్టిన్‌ 18 శాతం తగ్గి, గ్రెలిన్‌ 28 శాతం పెరిగినట్లు షికాగోలో జరిగిన ఒక అధ్యయనం 2004లో తెలిపింది. అధ్యయనం చిన్నదే అయినా, గుర్‌గావ్‌, నోయిడాలలో అమెరికా గడియారం ప్రకారం రాత్రంతా పనిచేసి తెల్లవారుజామున పరాఠాలతో కడుపు నింపుకునే యువత విషయంలో ఇది ఆలోచించదగిన అంశం. హైదరాబాద్‌లోని హైటెక్‌ సిటీ ఉద్యోగుల పరిస్థితీ ఇందుకు భిన్నంగా లేదు.

ఆకలి తీరాక కూడా తినిపించేది మరొక వ్యవస్థ. సుష్టుగా భోంచేసి తేన్చిన మనిషి సైతం జిలేబీ పళ్లెం చూడగానే చెయ్యి చాపుతాడు. మెదడులోని డోపమిన్‌ ఆధారిత సుఖానుభూతి వలయం ఇందుకు కారణం. తీపి, కొవ్వు, ఉప్పు మేళవించిన కార్ఖానా తిండ్లు ఈ వలయాన్ని తేలికగా లొంగదీసుకుంటాయి. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో కెవిన్‌ హాల్‌ బృందం 20 మందికి రెండేసి వారాల పాటు రెండు రకాల ఆహారం ఇచ్చి చూసింది. వడ్డించిన ఆహారంలో కేలరీలు, చక్కెర, కొవ్వు, పీచు సమానంగా ఉన్నా, అతిగా శుద్ధిచేసిన ఆహారం ఇచ్చినప్పుడు వారు రోజుకు దాదాపు 500 కేలరీలు అదనంగా తిన్నారు. ఈ ఫలితాలు 2019లో వెలువడ్డాయి.

పాత మందుల గుణపాఠం

మెదడు రసాయనాలపై గురిపెట్టిన మందులు రావడం ఇది మొదటిసారి కాదు. సెరొటోనిన్‌ను పెంచి ఆకలిని తగ్గించే ఫెన్‌ఫ్లూరమిన్‌ అమెరికాలో విరివిగా అమ్ముడై, గుండె కవాటాలను దెబ్బతీస్తున్నదని తేలడంతో 1997లో విపణి నుంచి వైదొలగింది. 2006లో ఐరోపాలో అనుమతి పొందిన రిమొనాబాంట్‌ మనోవ్యాకులతకు, ఆత్మహత్య ఆలోచనలకు దారితీస్తున్నదన్న కారణంగా రెండేళ్లకే నిలిచిపోయింది. గుండెపోటు ముప్పు పెంచుతున్నదని వెల్లడైన సిబుట్రమిన్‌ను 2010లో పాశ్చాత్య దేశాలు, 2011లో భారత ప్రభుత్వం నిలిపివేశాయి. ఆకలిని నడిపే రసాయనాలే మనోస్థితిని, గుండెను, రక్తపోటును కూడా ప్రభావితం చేస్తుండడమే ఈ వైఫల్యాలకు మూలం.

ప్రస్తుత మందుల దారి వేరు. భోజనం చేయగానే పేగుల నుంచి వెలువడే జి.ఎల్‌.పి.-1 అనే హార్మోను ఇన్సులిన్‌ స్రావాన్ని పెంచడమే కాక, మెదడుకు చాలునన్న సంకేతాన్ని అందిస్తుంది. సహజమైన హార్మోను రక్తంలో ఒకటి రెండు నిమిషాల్లోనే విచ్ఛిన్నమవుతుంది. దానిని పోలి, వారం పాటు నిలిచే విధంగా రూపొందించినదే డెన్మార్క్‌ సంస్థ నోవో నార్డిస్క్‌ తయారుచేసిన సెమాగ్లుటైడ్‌. అమెరికా సంస్థ ఎలీ లిల్లీ తయారీ టిర్జెపటైడ్‌ దీనితోపాటు మరో పేగు హార్మోను పనిని కూడా చేస్తుంది. 2021లో ప్రచురితమైన పరీక్షల్లో సెమాగ్లుటైడ్‌ తీసుకున్నవారు 68 వారాల్లో సగటున 14.9 శాతం, 2022 నాటి పరీక్షల్లో టిర్జెపటైడ్‌ గరిష్ఠ మోతాదు వాడినవారు 72 వారాల్లో 20.9 శాతం బరువు తగ్గారు. మందు వాడినంతకాలం పదేపదే తిండి మీదకు పోయే ధ్యాస సద్దుమణిగిందని రోగులు చెబుతుండడం, దీని ప్రభావం కడుపుకే పరిమితం కాదనడానికి నిదర్శనం.

లోపాలూ లేకపోలేదు. వికారం, వాంతులు, మలబద్ధకం సాధారణం. పిత్తాశయంలో రాళ్లు, అరుదుగా క్లోమగ్రంథి వాపు తలెత్తవచ్చు. కొవ్వుతోపాటు కండ కూడా కరుగుతుంది. సహజంగానే కండ తక్కువ, పొట్ట చుట్టూ కొవ్వు ఎక్కువగా ఉండే భారతీయులకు ఇది ఉపేక్షించదగిన విషయం కాదు. అన్నిటికంటే ముఖ్యంగా, మందు ఆపిన ఏడాదిలో తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చినట్లు సెమాగ్లుటైడ్‌ పరీక్షల్లో పాల్గొన్నవారిపై జరిపిన తదుపరి పరిశీలన తెలిపింది. మెదడు తన పాత లెక్కను మరచిపోదన్నమాట. కనుక ఇది నాలుగు నెలలు వాడి వదిలేసే మందు కాదు. రక్తపోటు మాత్రల మాదిరిగా దీర్ఘకాలం వాడవలసినది.

ధర, పేటెంటు, హైకోర్టు

ఆర్థిక ప్రశ్న ఇక్కడే తలెత్తుతున్నది. టిర్జెపటైడ్‌ మౌంజారో పేరుతో 2025 మార్చిలో, సెమాగ్లుటైడ్‌ వెగోవీ పేరుతో అదే ఏడాది జూన్‌లో భారత విపణిలోకి వచ్చాయి. మౌంజారో ప్రారంభ మోతాదు సీసా ధర అప్పట్లో రూ.3,500. వారానికి ఒకటి చొప్పున నెలకు రూ.14,000. వెగోవీ గరిష్ఠ మోతాదుకు నెలకు రూ.26,015గా నిర్ణయించిన కంపెనీ, 2025 నవంబరులో దానిని దాదాపు రూ.16,400కు తగ్గించింది. తగ్గించిన ధర ప్రకారం చూసినా అప్పట్లో ఏడాదికి రూ.1.96 లక్షలు దాటేది. అయినా 2025 అక్టోబరులో విక్రయాల విలువ రీత్యా దేశంలోని ఔషధాలన్నింటిలో మౌంజారో ప్రథమ స్థానంలో నిలవడం విశేషం. కొనగలిగిన వర్గంలో గిరాకీ ఎంత బలంగా ఉన్నదో ఇది సూచిస్తున్నది.

సెమాగ్లుటైడ్‌పై నోవో నార్డిస్క్‌కు భారతదేశంలో ఉండిన పేటెంటు గడువు 2026 మార్చితో ముగిసింది. ఆ గడువుకు ముందే హైదరాబాద్‌కు చెందిన డాక్టర్‌ రెడ్డీస్‌ లేబొరేటరీస్‌పై నోవో నార్డిస్క్‌ ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించింది. పేటెంటు అమలులో లేని దేశాలకు ఎగుమతి చేసేందుకు మందును ఇక్కడ తయారుచేయవచ్చునా అన్నది వివాదాంశం. తయారీని నిలిపివేస్తూ మధ్యంతర ఉత్తర్వు ఇవ్వడానికి 2025 డిసెంబరులో హైకోర్టు నిరాకరించింది. హెచ్‌.ఐ.వి. మందుల విషయంలో భారతీయ కంపెనీలు ఒకప్పుడు ప్రపంచ ధరలను ఏ విధంగా దించాయో గుర్తున్నవారికి ఈ వివాదం ప్రాముఖ్యం వేరుగా చెప్పనక్కరలేదు. పోటీ పెరిగిన కొద్దీ ధర తగ్గడం సహజం. అయితే ధర తగ్గినప్పుడు వైద్యుని సలహా లేకుండా, పెళ్లి ముహూర్తానికి సన్నబడేందుకు ఇంజెక్షన్లు తీసుకునే ధోరణి ప్రబలకుండా చూడవలసిన బాధ్యత ఔషధ నియంత్రణ వ్యవస్థపై మరింత పెరుగుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 సెప్టెంబరులో ఈ మందులను అత్యవసర ఔషధాల జాబితాలో చేర్చింది. స్థూలకాయ చికిత్సలో వీటి వాడకంపై డిసెంబరులో మార్గదర్శకాలు ప్రకటిస్తూ, ఆహారం, వ్యాయామం విషయంలో శిక్షణతో జోడించి, కొన్ని షరతులకు లోబడి మాత్రమే సిఫార్సు చేసింది. స్థూలకాయాన్ని దీర్ఘకాలిక వ్యాధిగా గుర్తించడం ఇందులోని కీలకాంశం.

ఎవరికి అవసరం?

భారతీయుల విషయంలో స్థూలకాయాన్ని ఎక్కడ నుంచి లెక్కించాలన్నది కూడా చర్చనీయాంశమే. బరువును ఎత్తుతో సరిపోల్చే బి.ఎం.ఐ. పాశ్చాత్యులకు 30 దాటితే స్థూలకాయంగా పరిగణిస్తారు. మనవారికి 25 నుంచే స్థూలకాయంగా పరిగణించాలని భారతీయ వైద్యులు 2009లోనే ఏకాభిప్రాయం ప్రకటించారు. ఢిల్లీలోని ఫోర్టిస్‌ సి-డాక్‌ అధిపతి డాక్టర్‌ అనూప్‌ మిశ్రా, ఎయిమ్స్‌కు చెందిన డాక్టర్‌ నవల్‌ విక్రమ్‌ తదితరులు 2025 జనవరిలో ప్రకటించిన కొత్త నిర్వచనం బి.ఎం.ఐ. 23 దాటిన వారిని రెండు దశలుగా విభజించింది. అదనపు బరువుండి అవయవాలకు, దైనందిన కార్యకలాపాలకు ఇంకా హాని కలగని దశ మొదటిది. పొట్ట చుట్టుకొలత పెరిగి, మోకాళ్ల నొప్పులు, ఆయాసం, మధుమేహం వంటి బాధలు తోడైన దశ రెండవది. చికిత్స ఎవరికి ముందు అందాలో తేల్చడానికి ఈ విభజన ఉపకరిస్తుంది. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం ప్రకారం దేశంలో 39.5 శాతం వయోజనులకు పొట్ట చుట్టూ కొవ్వు అధికం, 11.4 శాతం మంది మధుమేహ పీడితులు. వీరందరికీ ఇంజెక్షన్లు ఇచ్చే స్తోమత ఏ ప్రభుత్వానికీ లేదన్నది స్పష్టం.

కాగా, 2019-21 సర్వే నాటికి ఇదే దేశంలో 18.7 శాతం మహిళలు ఉండవలసిన దానికంటే తక్కువ బరువుతో ఉన్నారు. అయిదేళ్ల లోపు పిల్లల్లో 35.5 శాతం మంది వయసుకు తగిన ఎత్తు పెరగలేదు. పోషణ కరవై తక్కువ బరువుతో పుట్టిన భారతీయ శిశువుల్లో సైతం కండ తక్కువ, కొవ్వు ఎక్కువ ఉన్నట్లు పుణెకు చెందిన డాక్టర్‌ చిత్తరంజన్‌ యాజ్ఞిక్‌ అధ్యయనాలు వెల్లడించాయి. అంటే నేటి గర్భిణుల ఆకలిని పట్టించుకోకపోతే, రేపటి స్థూలకాయులను, మధుమేహ రోగులను మనమే తయారుచేసుకున్నట్లు అవుతుంది. ఆకలి, ఊబకాయం పరస్పర విరుద్ధాలు కావు. ఒకే సమస్యకు రెండు ముఖాలు.

విధానాల్లో వైరుధ్యం

ప్రభుత్వం ఈ విషయంలో ఏమీ చేయడం లేదని అనలేము. 2025 ఫిబ్రవరి 'మన్‌ కీ బాత్‌' ప్రసంగంలో ప్రధాని నరేంద్ర మోదీ వంటనూనె వాడకాన్ని పది శాతం తగ్గించుకోవాలని ప్రజలకు పిలుపునిచ్చారు. పాఠశాలల్లో చక్కెర దుష్ఫలితాలను తెలిపే బోర్డులు ఏర్పాటు చేయాలని సి.బి.ఎస్‌.ఇ. అదే ఏడాది మే నెలలో ఆదేశించింది. ప్యాకెట్లపై ముందు భాగాన హెచ్చరికలు ముద్రించే అంశాన్ని తేల్చాలని సుప్రీంకోర్టు ఏప్రిల్‌లో గడువు విధించింది.

అయితే పన్నుల విధానం మాత్రం మరో దిశగా సాగింది. అతిగా శుద్ధిచేసిన ఆహార పదార్థాల విక్రయాలు 2006లో 90 కోట్ల డాలర్ల నుంచి 2019 నాటికి 3,790 కోట్ల డాలర్లకు పెరిగాయని, వీటిపై ఆరోగ్య పన్నును పరిశీలించవచ్చునని 2025 జనవరి నాటి ఆర్థిక సర్వే సూచించింది. ఎనిమిది నెలలు తిరగకుండానే అమలులోకి వచ్చిన జి.ఎస్‌.టి. సవరణల్లో బిస్కెట్లు, చాక్లెట్లు, నమ్‌కీన్‌, ఇన్‌స్టంట్‌ నూడుల్స్‌పై పన్ను అయిదు శాతానికి దిగివచ్చింది. శీతల పానీయాలపై 40 శాతం విధించిన మాట నిజమే కానీ, అంతకుముందు పన్ను, సెస్సు కలిపి పడుతున్న భారం కూడా అంతే. ధరలు తగ్గాయని వినియోగదారుడు సంతోషించవచ్చు. కానీ డోపమిన్‌ వలయాన్ని రెచ్చగొట్టే తిండిని చవక చేసి, దానిని శాంతింపజేసే ఇంజెక్షన్‌ను అధిక ధరకు అమ్మే వ్యవస్థలో చివరకు నష్టపోయేది ఎవరో ఊహించడం కష్టం కాదు.

మెదడు రసాయనాలే సర్వస్వమని చెప్పడం కూడా సరికాదు. గత 30 ఏళ్లలో భారతీయుల మెదళ్లు మారలేదు. వారి చుట్టూ ఉన్న అంగళ్లు, పని వేళలు, నడిచే దారులు మారాయి. మెదడు పాతదే, పరిసరాలు కొత్తవి. కనుక తీవ్ర స్థాయిలో బాధపడుతున్న రోగికి అందుబాటు ధరలో మందు, మిగిలిన వారికి మంచి తిండి, తగిన నిద్ర, నడవడానికి చోటు కల్పించడం ఏకకాలంలో జరగవలసిన పనులు. మధుమేహం మందుల మాదిరిగా ఈ ఇంజెక్షన్లు కూడా ఏదో ఒకనాటికి సర్కారీ ఆసుపత్రికి చేరవచ్చు. అంతవరకు కనీసం ఒక పని ఖర్చు లేకుండా చేయవచ్చు. లావుగా ఉన్నవారిని తిండిపోతులుగా చూసే అలవాటును వైద్యులు, ఉపాధ్యాయులు, కుటుంబ సభ్యులు మానుకోవాలి. అవమానానికి భయపడి చికిత్సకు దూరంగా ఉన్నవారు ముందుకు రావడానికి అది తోడ్పడుతుంది.